దేవీచంద్రగుప్తం: మిగిలిన ముక్కలే ఆడాలా, పోయిన అంకాలు రాసి పూర్తి చేయాలా?

తెరవెనుక

మా నాటక బృందంలో మూడు వారాలుగా ఒక వాదం తెగడం లేదు. ఈ చర్చావేదికలో నాటకం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక మీ ముందు పెడుతున్నాను.

ముద్రారాక్షసం రాసిన విశాఖదత్తుడు దేవీచంద్రగుప్తం అనే మరో నాటకం కూడా రాశాడు. దాని పూర్తి ప్రతి ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. మిగిలినవల్లా ఇతరులు తమ గ్రంథాలలో ఉదాహరణలుగా ఎత్తి రాసుకున్న ముక్కలు. భోజుడి అలంకార గ్రంథం శృంగారప్రకాశంలో కొన్ని ఉన్నాయి. 12వ శతాబ్దిలో గుజరాతులో హేమచంద్రుడి శిష్యులు రామచంద్ర గుణచంద్రులు కూర్చిన నాటక లక్షణ గ్రంథం నాట్యదర్పణంలో మరికొన్ని ఉన్నాయి. 1923లో సిల్వాన్ లెవీ నాట్యదర్పణంలోని ముక్కలను, అదే ఏడాది రంగస్వామి సరస్వతి శృంగారప్రకాశంలోని ముక్కలను వెలుగులోకి తెచ్చేదాకా ఇలాంటి నాటకం ఒకటుందన్న సంగతే మరుగున పడి ఉంది.

కథ క్లుప్తంగా ఇది. రామగుప్తుడనే రాజును శకరాజు ముట్టడిస్తాడు. బయటపడే దారి లేక, తన రాణి ధ్రువదేవిని శత్రువుకు అప్పగించడానికి రాజు ఒప్పుకుంటాడు. తమ్ముడు చంద్రగుప్తుడు అది సహించలేక వదిన వేషం వేసుకుని శత్రు శిబిరానికి వెళ్లి శకరాజును చంపి వస్తాడు. ఆ తర్వాత అన్నదమ్ములకు చెడుతుంది. చంద్రగుప్తుడు పిచ్చివాడిలా నటించడం మొదలుపెడతాడు. ఐదో అంకం దగ్గర ముక్కలు ఆగిపోతాయి. అన్న ఎలా పోయాడు, ధ్రువదేవి తమ్ముడికి రాణి ఎలా అయింది అన్న భాగంలో ఒక్క మాట కూడా మనకు దక్కలేదు.

మా బృందంలో చేయి తిరిగిన రచయిత ఒకరు పోయిన అంకాలన్నీ తెలుగులో రాసి తెచ్చారు. చదివాను, బాగుంది. అంత బాగుండడమే నన్ను భయపెడుతోంది. రేపు చూసినవాళ్లు విశాఖదత్తుడే ఇలా ముగించాడనుకుని ఇళ్లకు వెళతారు. కరపత్రంలో చిన్న అక్షరాలతో ఒక గమనిక వేసినా ఎవరూ గుర్తు పెట్టుకోరు.

నా మాట ఏమిటంటే, ఉన్న ముక్కలే ఆడదాం. వాటిలో ఒక సన్నివేశం ఉంది. చంద్రగుప్తుడు ఆడవేషంలో ఉన్నాడు. నిన్ను పోగొట్టుకోలేను, నీ కోసం నా కీర్తినీ, దేవినీ కూడా వదులుకుంటున్నానని రామగుప్తుడు తమ్ముడితో అంటున్నాడు. చాటున నిలబడి వింటున్న ధ్రువదేవికి అక్కడున్నది మరిది అని తెలియదు. భర్త ఎవరో పరాయి స్త్రీతో మాట్లాడుతున్నాడని అనుకుంటుంది. నేను ప్రాణం వదిలి, నీకంటే ముందు నేనే నిన్ను విడిచిపెడతానని తనలో తాను అంటుంది. ఇంతకంటే ఏం కావాలి? వెయ్యేళ్లకు పైగా దాటి వచ్చిన ఈ మాట పక్కన మా రచయిత మాటలు పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.

మీరేమంటారు?

మూడో గంట

నలభై ఏళ్లుగా పద్యనాటకాల్లో హార్మోనియం వాయిస్తున్నాను, అవసరమైనప్పుడు వేషమూ కడుతున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తప్పుగా అనుకోకండి. కథ చూపిస్తామని జనాన్ని పిలిచి సగంలో తెర దించడం మర్యాద కాదు.

మంగళం పాడకుండా హార్మోనియం మూత వేయకూడదని మా గురువుగారు అనేవారు. అది ఆచారం కోసం చెప్పిన మాట కాదు. మూడు గంటలు కూర్చున్న మనిషి మనసు ఎక్కడో ఒకచోట దిగాలి. సంస్కృత నాటకానికి చివర మంగళం పలికే భరతవాక్యం ఉన్నదీ అందుకే. శకరాజును చంపి వచ్చిన వీరుడు పిచ్చివాడిగా రంగం మీద తిరుగుతుండగా దీపాలు ఆర్పేస్తే, ప్రేక్షకుడి మీద బరువు పెట్టి మనం పక్కకు తప్పుకున్నట్టే.

ఇక ఒకరు రాసినదానిలో ఇంకొకరు రాసింది కలపడం గురించి. మేము పల్లెల్లో ఆడిన ప్రతుల్లో ఒక కవి పద్యం పక్కన మరో కవి పద్యం ఉండేది. బాగా పాడగలిగిన నటుడు తనకు నచ్చిన పద్యం తెచ్చి చేర్చేవాడు. నాటకం అలాగే బతికింది. గాజు పెట్టెలో పెట్టి ఉంటే ఎప్పుడో పోయేది. మీ రచయిత రాసింది బాగుందని మీరే అంటున్నారు. ఆడండి.

తాళపత్రం

ఇద్దరి మాటల్లోనూ నాకు కొంత చిక్కు కనిపిస్తోంది. ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పినవాణ్ణి కనుక ముందు ఆ ముక్కలంటే ఏమిటో చెప్పాలి.

తెరవెనుక గారు వాటిని నాటకంలో మిగిలిన భాగాలు అంటున్నారు. అవి అలా మిగిలినవి కావు. ఎవరో ఎంచి తీసుకున్నవి. రామచంద్ర గుణచంద్రులకు కావలసింది కథ కాదు. సంధ్యంగాలు, వీథ్యంగాలు, ధ్రువలు (నాటకం మధ్యలో పాడే పాటలు) వంటి నాటక లక్షణాలకు తలా ఒక ఉదాహరణ కావాలి. ఒక సూత్రానికి సరిపోయే నాలుగు వాక్యాలు కోసుకుని మిగతాది వదిలేశారు. వ్యాకరణం పుస్తకంలో ఉదాహరణగా వచ్చిన పద్యపాదాలన్నీ ఏరి పక్కపక్కన పెడితే భారతం అవుతుందా? ఈ ముక్కలూ అంతే. నాటకంలో అన్నిటికంటే గొప్ప సన్నివేశాలు ఏ లక్షణానికీ ఉదాహరణగా పనికిరాక మొత్తంగా పోయి ఉండవచ్చు. మీరు ముక్కలే ఆడితే జనం చూసేది విశాఖదత్తుణ్ణి కాదు, 12వ శతాబ్దపు ఇద్దరు శాస్త్రకారుల ఎంపికను.

ఉన్న ముక్కలైనా నికరమైన పాఠమా అంటే, అదీ చెప్పలేం. లక్షణ గ్రంథాల రాతప్రతుల పరిస్థితి ఎలాంటిదో మన మానవల్లి రామకృష్ణకవి గారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి అభినవభారతి వ్యాఖ్యతో పరిష్కరించడానికి ఆయన ఏళ్ల తరబడి కష్టపడ్డారు. మొదటి సంపుటం 1926లో బరోడా నుంచి వచ్చింది. అభినవగుప్తుడే స్వర్గం నుంచి దిగి వచ్చి ఈ ప్రతులు చూసినా తన పాఠాన్ని తాను సరిచేసుకోలేడని ఒక పండిత మిత్రుడు అన్న మాట నిజమేనేమోనని పీఠికలో రాసుకున్నారు. అంత పండితుడు అంత మాట అన్నాడు.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ క్రీడాభిరామం. ఓరుగల్లు వీధుల్లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా తిరిగిన కథ. దానికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత వీథి (రూపకాల్లో ఒక రకం) ప్రేమాభిరామం. అది పోయింది. తెలుగు వీథి నిలిచింది. దాన్ని చేతిలో పెట్టుకుని ఎవరైనా ప్రేమాభిరామాన్ని మళ్లీ సంస్కృతంలో రాసి త్రిపురాంతకుడి పేరు పెడితే మనం ఒప్పుకుంటామా? క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని వేటూరి ప్రభాకరశాస్త్రి గారి కాలం నుంచి వాదించుకుంటున్న జాతి మనది. ఉన్న పుస్తకానికి కర్త ఎవరో తేలకే ఇంత గొడవ పడ్డాం.

తెరవెనుక

తాళపత్రం గారూ, ఎంపిక ఎవరిదన్న మాట నేను అసలు ఆలోచించలేదు. నా వాదానికి అది నిజంగా దెబ్బే. అయినా పూర్తిగా వదులుకోలేను.

మాస్టారూ, సగంలో తెర దించడం గురించి మీరన్నదానికి మాత్రం జవాబు ఉంది. కేరళలో సంస్కృత నాటకాలు ఆడే కూడియాట్టం చూశారా? దాన్ని ఆడే చాక్యార్లు ఒక నాటకాన్ని ఆదినుంచి అంతం దాకా ఒకే వరుసలో ఆడడం అరుదు. ఒక్క అంకం తీసుకుని రాత్రుల తరబడి ఆడతారు. ఆశ్చర్యచూడామణిలో హనుమంతుడు సీతకు ఉంగరం ఇచ్చే అంకం వాళ్లకు ఒక పూర్తి నాటకం. భాసుడి అభిషేకంలో తోరణయుద్ధం మరో పూర్తి నాటకం. అంకాలకు వేరే పేర్లు పెట్టుకున్నారు. 1909లో గణపతిశాస్త్రికి తిరువనంతపురం దగ్గర భాసుడివని చెప్పే రూపకాల తాళపత్రాలు దొరికాయి. అప్పటివరకు భాసుడంటే కాళిదాసు ప్రస్తావించిన ఒక పేరు మాత్రమే. మిగతా దేశం మరచిపోయిన ఆ నాటకాలను చాక్యార్లు మాత్రం అంకం అంకంగా ఆడుకుంటూనే ఉన్నారు.

అంతెందుకు, మన దగ్గర కాటి సీను మాటేమిటి? హరిశ్చంద్ర నాటకం మొత్తం చూసినవాళ్లెందరు, కాటి సీను మాత్రమే చూసినవాళ్లెందరు? రాయబారం ఒక్కటే పెట్టి తెల్లవార్లూ నడిపిన రాత్రులు మీకే ఎక్కువ తెలుసు. ముక్క ఆడడం మన రంగస్థలానికి లోటు కాదు, మన పద్ధతే అది.

మూడో గంట

నాయనా, నా వాయిద్యంతోనే నన్ను కొట్టావు. కాటి సీనుకు నేను ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. ఆ అనుభవం నుంచే చెబుతున్నాను.

కాటి సీను ఒక్కటే ఎందుకు నిలబడుతుందో తెలుసా? చితి దగ్గర కాపలా కాస్తున్నది చక్రవర్తి అని, శవాన్ని మోసుకొచ్చింది అతని భార్య అని, ఆ శవం అతని కొడుకని జనానికి ముందే తెలుసు. తెర లేవకముందే కథంతా వాళ్ల మనసులో ఆడేసి ఉంటుంది. మేము ఆ చివరి ముడి ఒక్కటి విప్పుతాం. హరిశ్చంద్రుడెవరో తెలియని ఊరికి వెళ్లి కాటి సీను ఆడి చూడు. శ్మశానంలో సుంకం కోసం ఒక మనిషి పేదరాలిని వేధిస్తున్నాడని అనుకుంటారు. పద్యం ఎంత గొప్పగా పాడినా అంతే.

నీ చాక్యార్లదీ అదే సంగతి. ఉంగరం గురించి తెలియని మలయాళీ ఉంటాడా?

ఇప్పుడు చెప్పు. రామగుప్తుడి పేరు విన్న తెలుగువాడెవరు? ధ్రువదేవి ఎవరో తెలిసినవాళ్లు మీ ఊరి హాలులో ఎంతమంది కూర్చుంటారు? ముక్కను ముక్కగా ఆడాలంటే మిగతాది చూసేవాడి దగ్గర ఉండాలి. ఇక్కడ అది లేదు. కనుక రాసి పూర్తి చేయక తప్పదు.

దూరపు శ్రోత

నేను మిలాన్ దగ్గర ఉంటున్నాను, పన్నెండేళ్లుగా ఇక్కడి ఆపెరాలు, అంటే పాటలతోనే నడిచే నాటకాలు, వింటున్నాను. పూర్తి చేస్తే ఏమవుతుందో ఇక్కడ నూరేళ్లుగా చూస్తున్నారు కనుక ఆ ముచ్చట చెబుతాను.

ఇటలీ సంగీతకర్త పుచ్చిని తురాందోత్ అనే ఆపెరా రాస్తూ 1924 నవంబరు 29న బ్రస్సెల్స్‌లో గొంతు క్యాన్సర్ చికిత్సలో చనిపోయాడు. దాసీ పిల్ల లియూ ప్రాణత్యాగం వరకు సంగీతం పూర్తయింది. ఆ తర్వాత మంచులాంటి రాకుమారి ప్రేమకు కరిగే జంట పాట రావాలి. దాని కోసం ముక్కముక్కలుగా రాసుకున్న కాగితాలు మిగిలాయి. వాటిలో ఒకచోట 'తర్వాత ట్రిస్టన్' అని రాసుకున్నాడు. వాగ్నర్ ఆపెరాను తలచుకుని రాసిన ఆ రెండు మాటల అర్థమేమిటో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఫ్రాంకో అల్ఫానో అనే సంగీతకర్త ముగింపు కట్టాడు. 1926 ఏప్రిల్ 25న మిలాన్ ఆపెరా హాలు లా స్కాలాలో మొదటి ప్రదర్శన. లియూ మరణం కాగానే వాద్యబృందాన్ని నడిపిస్తున్న టోస్కనీని దండం కింద పెట్టి, మాస్టారు ఇక్కడ ఆగిపోయారన్న అర్థం వచ్చే మాట ప్రేక్షకులతో చెప్పి ఆ రాత్రికి ముగించాడు. తర్వాతి ప్రదర్శనల నుంచి అల్ఫానో ముగింపుతో ఆడారు.

ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా ఆడుతున్నది ఆ ముగింపే. చివర బృందగానంలో మూడో అంకం ప్రసిద్ధ గీతపు వరుస మళ్లీ ఎగసి వచ్చి హాలు నిండిపోతుంది. గీతం పుచ్చినిదే. దాన్ని అక్కడికి తెచ్చి పెట్టింది అల్ఫానో. జనం లేచి చప్పట్లు కొట్టేది పుచ్చినికి. తెరవెనుక గారు భయపడినట్టే జరిగింది. కానీ అల్ఫానో లేకపోతే తురాందోత్ ఇన్ని ఊళ్లు తిరిగేది కాదు. మూడో గంట మాస్టారు గారు చెప్పిందీ జరిగింది.

బెర్గ్ అనే సంగీతకర్త ఆపెరా లూలూ కథ ఇంకోలా నడిచింది. ఆయన 1935 డిసెంబరులో పోయేనాటికి మూడో అంకానికి వాద్యాల అమరిక పూర్తి కాలేదు. ఆయన గురువు షోన్‌బెర్గ్ పూర్తి చేయనన్నాడు. ఆ తర్వాత భార్య ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నలభై ఏళ్లు రెండంకాలతోనే ఆడారు. ఆమె పోయాక, ఫ్రీడ్రిక్ చెర్హా పూర్తి చేసిన మూడంకాల ప్రతిని 1979 ఫిబ్రవరిలో పారిస్‌లో బూలే నడిపించాడు. విన్నవాళ్లకు మొదటి అంకాల అర్థమే మారిపోయింది. మొదటి సగంలో లూలూ చేతుల్లో నాశనమైనవారి పాత్రలు కట్టిన గాయకులే మూడో అంకంలో ఆమె దగ్గరకు వచ్చే విటులుగా తిరిగి వస్తారు. ఆ అద్దం లేకుండా నాలుగు దశాబ్దాలు సగం లూలూను పూర్తి లూలూ అనుకున్నారు. బెర్గ్ రూపురేఖలు గీసి పెట్టాడు కనుక చెర్హాకు చేతనైంది. మీ విశాఖదత్తుడు అలాంటిది ఏమీ మిగల్చలేదు కదా, అదే నా అనుమానం.

ఇంకొక్క మాట. మోంటెవెర్ది 1608లో మంటువాలో కట్టిన అరియాన్నా ఆపెరాలో సాహిత్యం మొత్తం ఉంది, సంగీతం దాదాపు అంతా పోయింది. ప్రియుడు వదిలి వెళ్లిన అరియాన్నా విలాపం ఒక్కటి నిలిచింది. ఎందుకంటే జనం దాన్ని ఇళ్లలో పాడుకున్నారు, ఆయన కూడా విడిగా అచ్చు వేశాడు. మొదటిసారి విన్నప్పుడు మా ఊళ్లో నాటకాల పద్యాలు పొలాల్లో పాడుకునే మామయ్య గుర్తొచ్చాడు. నాటకం పేరు ఆయనకు తెలియదు, పద్యం తెలుసు.

శాసనాల దారి

నేను చరిత్ర పరిశోధన చేస్తున్నాను. పూర్తి చేయడం గురించి నా అభ్యంతరం వేరు. ఇది కల్పిత రాజు కథ కాదు, గుప్తుల ఇంటి కథ.

చాలాకాలం రామగుప్తుడు ఉన్నాడా లేడా అన్నదే తేలలేదు. గుప్తుల వంశావళి శాసనాల్లో అతని పేరు లేదు. విదిశ, ఏరణ్ ప్రాంతాల్లో రామగుప్తుడి పేరున్న రాగి నాణేలు దొరికినా అవి ఎవరో చిన్న పాలకుడివి కావచ్చన్నారు. 1969లో విదిశ దగ్గర దుర్జన్‌పూర్‌లో మూడు జైన తీర్థంకర విగ్రహాలు బయటపడ్డాయి. పీఠాల మీద మహారాజాధిరాజ రామగుప్తుడు అని ఉంది. ధ్రువస్వామిని, అంటే మన ధ్రువదేవి, చంద్రగుప్తుడి రాణి అని వైశాలి దగ్గర దొరికిన ముద్ర చెబుతోంది. మనుషులు నిజం. వాళ్ల మధ్య ఏం జరిగిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు.

క్రీ.శ. 871 నాటి సంజాన్ తామ్రశాసనంలో రాష్ట్రకూట అమోఘవర్షుణ్ణి పొగుడుతూ, అన్నను చంపి రాజ్యాన్నీ రాణినీ తీసుకున్న గుప్తవంశపు దాతకంటే మా రాజు గొప్పవాడని దెప్పిపొడిచారు. లక్షణకర్త రాజశేఖరుడు ఎత్తి రాసిన ఒక శ్లోకంలో రాజు పేరు శర్మగుప్తుడు, శత్రువు ఖసరాజు, రాణిని నిజంగానే ఇచ్చేశాడు. 1126లో పారశీకంలో కూర్చిన ముజ్మల్ ఉత్ తవారీఖ్ అనే చరిత్రలో అన్నదమ్ముల పేర్లు రవ్వాల్, బర్కమారిస్ అయ్యాయి. తమ్ముడు పిచ్చివాడిలా తిరుగుతూ ఒకనాడు అన్న ఉన్నచోటికి వస్తాడు. అన్న చెరకు తింటూ ఉంటాడు. తమ్ముడికీ ఒక చెరకు ముక్క ఇచ్చి, పై తోలు తీసుకోవడానికి రాణి చేత కత్తి కూడా ఇప్పిస్తాడు. ఆ కత్తితోనే తమ్ముడు అన్నను పొడుస్తాడు. 1933లో జయశంకర్ ప్రసాద్ హిందీలో ధ్రువస్వామిని నాటకం రాసినప్పుడు ఈ మరకను చంద్రగుప్తుడికి అంటనివ్వలేదు. అక్కడ రామగుప్తుణ్ణి చంపేది ఒక సామంత కుమారుడు. పురోహితుడు ధ్రువస్వామినికి ఆ పెళ్లి నుంచి విముక్తి ఇస్తాడు. అది ప్రసాద్ తన పేరుతో, తన కాలపు స్త్రీ గురించి రాసుకున్న నాటకం. దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మీ రచయిత ఏది ఎంచుకున్నారు? ఏది ఎంచుకున్నా విశాఖదత్తుడి పేరు మీద ఒక రాజును హంతకుణ్ణి చేస్తారు, లేదా కడిగిన ముత్యాన్ని చేస్తారు. నాటకంలో చూసింది చరిత్రగా పాతుకుపోవడం మన దగ్గర కొత్త కాదు.

నన్నడిగితే ఆ చెరకు కత్తి మాత్రం ఏదో నాటకంలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఐదో అంకంలో పిచ్చి నటన ఉంది, పారశీక కథలోనూ అదే పిచ్చి ఉంది. ముడి కలుస్తోంది.

తాళపత్రం

శాసనాల దారి గారూ, ముడి కథకు కలుస్తుంది, విశాఖదత్తుడికి కలవదు. ముద్రారాక్షసం ఒకసారి తలచుకోండి. ఎన్ని హత్యలు, ఎన్ని పన్నాగాలు! పర్వతకుణ్ణి విషకన్య చంపింది తెర లేవకముందే. చంద్రగుప్త మౌర్యుడి మీదికి నందుల మంత్రి రాక్షసుడు పంపిన మనుషులు ఒక్కొక్కరూ ఎలా చచ్చారో రెండో అంకంలో చారుడు విరాధగుప్తుడు అతనికి చెబుతాడు, మనం వింటాం. రాక్షసుడి మిత్రుడు చందనదాసును కొరత వేసే చోటి దాకా తీసుకెళతారు, చంపరు. విశాఖదత్తుడికి నెత్తురు వద్దు. నెత్తుటి వార్త విన్నవాడి ముఖం కావాలి. అలాంటివాడు అన్న రొమ్మున తమ్ముడి కత్తి దిగడం చూపించి ఉంటాడని నేను నమ్మను. భాసుడి ఊరుభంగంలో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం వదులుతాడు నిజమే, అది భాసుడి దారి. ఆ నాటకాలు భాసుడివేనా అన్న వాదంలో అదీ ఒక అంశమైంది.

కనుక పూర్తి చేసేవాళ్లకు ఒకటే చెబుతాను. కథ తెలిస్తే చాలదు. కథను ఆయన ఎక్కడ దాచి ఉంటాడో తెలియాలి. అది ఎవరికీ తెలియదు.

మాస్టారు గారి మాట మాత్రం నన్ను నిన్న రాత్రి నిద్రపోనివ్వలేదు. చూసేవాడి దగ్గర మిగతా కథ ఉండాలన్నారు. బాణుడి హర్షచరితంలో ఈ ఉదంతం ఒక్క వాక్యం. పరస్త్రీని కోరిన శకపతిని స్త్రీవేషంలో దాగిన చంద్రగుప్తుడు శత్రుపురంలో చంపాడని, అంతే. రాణి పేరు లేదు, అన్న పేరు లేదు, వివరణ లేదు. బాణుడి శ్రోతలకు అవసరం లేకపోయింది. తర్వాతి కాలంలో హర్షచరితానికి వ్యాఖ్య రాసిన శంకరుడు ఆ వాక్యం దగ్గర ఆగి, ధ్రువదేవి చంద్రగుప్తుడి అన్న భార్య అని, ఆమె వేషం వేసుకుని స్త్రీవేషధారులను వెంటబెట్టుకుని వెళ్లి రహస్యంగా చంపాడని విప్పి చెప్పవలసి వచ్చింది. ఈ ఇద్దరి మధ్య కాలంలో ఎక్కడో కథ తెలిసిన జనం పలచబడ్డారు. నాటకం పోవడం అప్పుడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది. తాళపత్రాన్ని చెదలు తినడం ఆ తర్వాతి సంగతి.

పాత్రధారిణి

నేను తెరవెనుక గారి బృందంలోనే ఉన్నాను, ధ్రువదేవి వేస్తున్నాను. ఇక్కడ రాయనని ఆయనతో అన్నాను కానీ తాళపత్రం గారిది చదివాక ఉండలేకపోయాను.

మా రచయిత పూర్తి చేసిన ప్రతిలో నాకు రెండు పేజీల ఆవేదన ఉంది. బాగా రాశారు, నోటికీ పడుతుంది. కానీ ముక్కలో ఉన్న ఆ ఒక్క వాక్యం అన్నాక ఈ రెండు పేజీలు నోట్లో బరువెక్కుతున్నాయి. కనుక పూర్తి చేయవద్దన్న దానికి నా ఓటు.

అయితే మా దర్శకుడు తెరవెనుక గారితోనూ నాకు గొడవ ఉంది. ముక్క ఒక్కటే ఆడదాం, ముందూ వెనకా ఏమీ చెప్పవద్దు అంటారు. సాధనలో అలాగే చేశాం. పక్క బృందం వాళ్లు నలుగురు వచ్చి చూశారు. భర్త మోసం చేశాడని భార్య బాధపడింది, బాగుంది అన్నారు. అంతేనా ఈ సన్నివేశం? అక్కడ ఆడవేషంలో నిలబడిన మనిషిని చూసి ఈవిడ నా స్థానంలోకి వచ్చిందని ధ్రువదేవి రగిలిపోతోంది. నిజమే, ఆ మనిషి తన స్థానంలోకే వెళుతున్నాడు, శత్రువు గుడారంలోకి, చావడానికి సిద్ధపడి. తర్వాత ఆ మనిషే తనకు భర్త అవుతాడు. ఆమె ఎవరిని ద్వేషిస్తోందో ఆమెకు తెలియదు, చూసేవాళ్లకు తెలియాలి. తెలియకపోతే నేను ఎంత ఏడ్చినా అది మామూలు ఏడుపే.

విశాఖదత్తుడు ఆ వాక్యం రాసింది అది తెలిసిన జనం కోసం. నాకు ఆ జనం కావాలి.

తెరవెనుక

ఆవిడ రాసింది మూడుసార్లు చదివాను. సాధనలో ఈ మాట నాతో అన్నారు. అప్పుడు నేను సరిగా వినలేదు. ఇక్కడే క్షమాపణ చెబుతున్నాను.

ఇన్నాళ్లూ నేను మాటలను కాపాడుతున్నాననుకున్నాను. మాటలున్నా, వాటిని అందుకునేవాళ్లు లేరు. నిన్న సాయంత్రం మేము చేసి చూసింది ఇది. తెర లేవకముందే సూత్రధారుడు వచ్చి ముగింపులు చెబుతాడు. సంజాన్ శాసనం అన్నది, పారశీక చరిత్రలోని చెరకు కత్తి, ప్రసాద్ నాటకంలోని సామంత కుమారుడు. మూడూ చెప్పి, విశాఖదత్తుడిది మాత్రం పోయిందని చెప్పి తప్పుకుంటాడు. ఆ తర్వాతే ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య రంగం ఖాళీగా ఉంటుంది. మా రచయిత కోపం తెచ్చుకోకపోగా ఆ సూత్రధారుడి మాటలు తానే రాస్తానన్నారు. పోయిన అంకాలను తన పేరుతో వేరే నాటకంగా ఇంకో రాత్రి ఆడతాం.

తాళపత్రం

అది నాటకమా, ఉపన్యాసమా అన్న శంక నాకు ఇంకా పోలేదు. మూడు ముగింపులు వరుసగా చెబితే రసం ఎక్కడ నిలుస్తుంది? పూర్వం జనానికి తెలిసింది కథ. మీరు చెప్పబోయేది కథ మీద వచ్చిన ఆధారాల పట్టిక. ఆ రెండూ ఒకటి కావు. ఒక ముగింపే చెప్పండి, అది సంజాన్ శాసనానిది కానివ్వండి. అన్నింటిలో పాతది అదే.

శాసనాల దారి

అది ప్రత్యర్థి వంశం వేసిన నింద. పాతదైనంత మాత్రాన దాన్నొక్కటే చెప్పడానికి నేను ఒప్పుకోను.

మూడో గంట

మీరిద్దరూ దాన్ని తేల్చుకోండి. పట్టికలా కాకుండా కథలా చెప్పడం ఎలాగో హరికథ చెప్పే మనిషిని అడగండి, ఒక్క పూటలో నేర్పుతాడు. సూత్రధారుడి చేతికి చిడతలు ఇస్తే ఇంకా మంచిది.

నేను పూర్తి చేయాలన్నవాణ్ణి. ఆ అమ్మాయి రాసింది చదివాక పట్టు సడలింది, ఒప్పుకుంటాను. కానీ మంగళం సంగతి వదలను. ఆ ముక్కల్లో చంద్రోదయం మీద ప్రాకృతంలో ఒక ధ్రువ ఉందని విన్నాను. చంద్రుడికీ చంద్రగుప్తుడికీ కలిపి వర్తించేలా రాశాడట. అది పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడేది అంటున్నారు. పిచ్చివాడి ముక్క అయిపోయాక ఖాళీ రంగం మీద దాన్ని పాడదాం. ఎవరూ రారు, పాట మాత్రం వస్తుంది. వరుస పోయిందని నాకు తెలుసు. తాళపత్రం గారూ, దాని పాఠం, మాత్రల లెక్క రాసి పంపండి. ఆదివారం సాధనకు హార్మోనియం పట్టుకుని నేనే వస్తాను.

తాళపత్రం

పంపుతాను. రెండుచోట్ల పాఠం చెడిపోయి ఉంది. అక్కడ నేను ఏమీ పూరించను, చుక్కలు పెడతాను. ఆ మాత్రల దగ్గర మీరు స్వరం మాత్రం పట్టండి.